ఎంటర్ కాదంట, స్పేస్ కొట్టాలంట

ఫ్రీబీఎస్‌డీ అని విండోస్ లాంటి ఓ ఆపరేటింగ్ సిస్టమ్ వేద్దామని శనివారం పొద్దున కాఫీ తాగి మొదలుపెట్టా, భోజనాల టైంకి అయిపోద్దిలే అనుకున్నా. ఆదివారం రాత్రి పదకొండింటికి అయింది, అయిందంటే అదీ ముప్పావు వంతే.

ఇంట్లో ఓ పాత లాప్‌టాప్ ఉంది, విండోస్ ఆన్ అయ్యేలోపు అన్నం ఉడికిపోద్ది, అలాగని పారెయ్యడానికి మనసొప్పదు. మా బావేమో ఎప్పట్నుంచో ఒకటే పోరు, లినక్స్ అందరూ వేస్తార్రా, నువ్వు ఫ్రీబీఎస్‌డీ వెయ్యి, యూనిక్స్ అంటే ఏంటో తెలుస్తుంది అని. యూనిక్స్ అంటే పాతకాలపు ఆపరేటింగ్ సిస్టమ్ అంట, ఇది బర్క్‌లీ యూనివర్సిటీలో పెరిగిన యూనిక్స్ వంశంట, మొదటి రిలీజ్ 1993లోనంట, అంటే నాకన్నా పెద్దది. సరే పెద్దల మాట విందాం అని దిగా.

డౌన్‌లోడ్ దగ్గరే బోల్తా పడ్డా. ప్రాసెసర్ రకాన్ని బట్టి ఏఎండీ64 అని ఒకటుంది, ఐ386 అని ఒకటుంది. నా లాప్‌టాప్ మీద ఇంటెల్ స్టిక్కర్ ఉంది కదా, దాని పోటీ కంపెనీ ఏఎండీది నాకెందుకు అని రెండోది దించా, ఆ రోజు డేటా అంతా దానికే పోయింది. బావకి ఫోన్ చేస్తే పగలబడి నవ్వి "ఒరేయ్, ఆ 64 బిట్ పద్ధతి ముందు తెచ్చింది ఏఎండీ వాళ్ళురా, అందుకే ఆ పేరు, ఇంటెల్‌కైనా అదే వెయ్యాలి" అన్నాడు. ఇంకోటి దించి పెన్‌డ్రైవ్‌లోకి పాటలు ఎక్కించినట్టు కాపీ పేస్ట్ చేశా. అలా బూట్ అవ్వదంట, దించిన ఆ ఫైల్ని (ఇమేజ్ అంటారు) వేరే సాఫ్ట్‌వేర్‌తో రాయాలంట. అప్పటికే రెండయింది, అమ్మ అన్నానికి మూడోసారి పిలిచింది.

ఇక ఇన్‌స్టాలర్. మౌస్ లేదు, నీలం స్క్రీన్ మీద డబ్బాలు, ప్రతి డబ్బాలో ఓ ప్రశ్న. దీంతో నా గొడవంతా ఒక్కటే, అది అడిగే ప్రశ్నలకి జవాబు తెలియాలంటే ముందే ఒకసారి ఇన్‌స్టాల్ చేసుండాలి. డిస్కులో ఫైళ్ళు సర్దే పద్ధతి జెడ్‌ఎఫ్‌ఎస్సా యూఎఫ్‌ఎస్సా అంది. పైన ఉన్నదే మంచిదేమో అని జెడ్‌ఎఫ్‌ఎస్ కొట్టా. డిస్కుల్ని ఎలా కలపాలి, స్ట్రైపా, మిర్రరా, రెయిడ్‌జెడ్డా అంది, తల్లీ ఉన్నదే ఒక్క డిస్కు, నీ ఇష్టం అని స్ట్రైప్ అన్నా. డిస్కు చూపించింది, ఎంటర్ కొట్టా, డిస్కులు చాల్లేదంది. మళ్ళీ కొట్టా, మళ్ళీ అదే. డిస్కు పోయిందేమో అని చెమటలు పట్టాయి, లాప్‌టాప్ వెనక మూత కూడా విప్పబోయా. అరగంట తర్వాత తెలిసిందేంటంటే ఆ లిస్టులో ఎంటర్ కొడితే టిక్ పడదు, స్పేస్ కొట్టాలి, అప్పుడు బ్రాకెట్ల మధ్య చిన్న గుర్తు పడుతుంది. కింద పడీపడనట్టు రాసే ఉంది, నేనే చూళ్ళేదు. ఆ తర్వాత "లాస్ట్ ఛాన్స్" అని పెద్ద హెచ్చరిక, డిస్కులో ఉన్నదంతా పోతుంది ఖాయమేనా అని, అక్క పెళ్ళి ఫొటోలు బయటి హార్డ్‌డిస్క్‌లోకి తీసి పెట్టానా లేదా అని రెండు సార్లు లేచెళ్ళి చూసుకొచ్చి మరీ ఎస్ అన్నా.

టైం జోన్‌లో ఏషియా, ఇండియా పెడితే "ఐఎస్‌టీ అనే పొట్టి పేరు సబబుగా ఉందా" అని అడిగింది. ఇంత మర్యాదగా నన్నెవరూ ఏదీ అడగలేదు ఈ మధ్య.

కొత్త యూజర్‌ని చేర్చేటప్పుడు వేరే గ్రూపుల్లోకి పిలవాలా అంటే, ఎవర్నీ పిలవక్కర్లేదని ఖాళీగా వదిలేశా. రీబూట్ చేశాక నల్ల స్క్రీన్, "లాగిన్" అన్న ఒక్క మాట, అంతే. డెస్క్‌టాప్ ఏది అని పది నిమిషాలు ఎదురుచూశా, నిజంగానే. లాగిన్ అయ్యి, రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) అవుదామని ఎస్‌యూ అనే కమాండ్ కొడితే పాస్‌వర్డ్ కూడా అడక్కుండానే "సారీ" అంది. మూడుసార్లు కొట్టా, మూడుసార్లూ సారీయే. వీల్ అనే గ్రూపులో ఉన్నోళ్ళకే రూట్ అయ్యే యోగం ఉంటుందంట, ఇందాక ఖాళీగా వదిలేసిన ప్రశ్న అదే. బావ అయితే ప్రతి ఫోన్‌కీ ఒకటే మాట, "హ్యాండ్‌బుక్ చదివావారా?" చదివా బావా, ప్రతిదీ చెడగొట్టాక చదివా.

వైఫై చిప్పుని అది పట్టించుకోలేదు. నా ఫోన్ నెట్‌లో జవాబులు వెతుక్కోడానికి కావాలి కాబట్టి అమ్మ ఫోన్‌కి కేబుల్ పెట్టి టెథరింగ్ ఆన్ చేసి నెట్ తెచ్చా. ప్యాకేజీలు దించే పీకేజీ అనే కమాండ్ కొడితే ఆ కమాండే ఇంకా ఇన్‌స్టాల్ కాలేదు, దించమంటావా అంది, అలవాటుగా ఎంటర్ కొట్టా, ఏమీ రాలేదు, ఎందుకంటే వూరికే ఎంటర్ అంటే అక్కడ వద్దు అని అర్థం. ఈ ఎంటర్‌కీ నాకూ ఏ జన్మ పగో.

ఆదివారం అంతా డెస్క్‌టాప్ బొమ్మ రప్పించడానికే సరిపోయింది. గ్రాఫిక్స్ డ్రైవర్ లోడ్ అవ్వాలని ఆర్‌సీ డాట్ కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్లో ఒక లైను రాశా, చివర కోట్ మర్చిపోయా, ఆ ఒక్క కోట్‌కి మొత్తం బూట్ ఆగిపోయి షెల్ (కమాండ్లు కొట్టే ప్రోగ్రాం) పాత్ ఇవ్వు అని అడిగింది. ఫైలు దిద్దుదామంటే డిస్కు రీడ్ ఓన్లీ, దాన్ని రాసేలా మార్చడానికి ఇంకో కమాండ్. వీఐ అనే ఎడిటర్లోకి వెళ్ళి బయటికి రాలేక పవర్ బటన్ నొక్కా (సిగ్గు లేకుండా చెప్తున్నా), తర్వాత ఈఈ అనే ఎడిటర్ ఉందని తెలిసింది, చేయాల్సినవన్నీ పైనే రాసి ఉంటాయి, దాన్ని రాసినోళ్ళు చల్లగా ఉండాలి.

రాత్రికి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ వచ్చింది. ఆనందంగా బ్రౌజర్ తెరిచి తెలుగు పేపర్ పెడితే అన్నీ డబ్బాలే, పేజీ నిండా డబ్బాలు. నోటో ఫాంట్లు వేసి మళ్ళీ తెరిస్తే ఒత్తులతో సహా అక్షరాలు వచ్చాయి, ఆ పేపర్లో రాశిఫలాలు కూడా వదలకుండా చదివా.

వైఫై మాత్రం ఇంకా రాలేదు, ఈ పోస్ట్ కూడా అమ్మ ఫోన్ మీదే పంపాలి. పిన్నికి ఫోన్ చేసుకోవాలి, ఆ వైరు పీకుతావా లేదా అని వంటింట్లోంచి రెండోసారి అడిగింది, కాబట్టి ఉంటా.