మార్వారు నుంచి కాఠియావాడు దాకా: గుర్రపు రంగుల వెంట

స్వారీ అలవాటున్నవారు ఇద్దరు కలిస్తే మొదట జాతి గురించి, ఆ వెంటనే రంగు గురించి మాట వస్తుంది. జాతి విషయంలో నా అభిప్రాయం ఎప్పుడో స్థిరపడింది: దేశవాళీ గుర్రాల్లో మార్వారీ, దాని తర్వాత కాఠియావాడీ. రంగు అడిగితే మాత్రం నలుపు అని అలవాటుగా చెబుతూ వచ్చాను. ఈ రెండు జాతులనూ వాటి సొంత నేల మీద చూడాలని, వీలైన చోట ఎక్కాలని కార్తీక మాసంలో రాజస్థాన్‌కు బయలుదేరి, అక్కడి నుంచి గుజరాత్‌లోని సౌరాష్ట్ర దాకా వెళ్లాను.

పుష్కర్ సంత కార్తీక పౌర్ణమితో ముగుస్తుంది గానీ, పశువులను చూడదలచినవారు అంతకు ముందే చేరుకోవడం మంచిది. పౌర్ణమి దగ్గరపడి యాత్రికుల రద్దీ పెరిగేసరికి బేరాలు చాలావరకు తెగిపోయి, గుర్రాలు లారీలెక్కి వెళ్లిపోతుంటాయి. బయటివారికి ఇది ఒంటెల సంతగానే తెలుసు. మైదానంలోకి దిగితే మాత్రం ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ తాళ్లు కట్టి మేకులకు బిగించిన గుర్రాల వరుసలు ఎంత నడిచినా తరగవు. వాటిలో మార్వారీని దూరం నుంచే పట్టించేవి చెవులు. అవి లోపలికి వంగి ఉంటాయి. నిక్కించినప్పుడు రెండు కొనలూ ఒకదానికొకటి తాకుతాయి. ఒక్కో చెవి 180 డిగ్రీల దాకా తిరుగుతుంది కనుక, వెనక నిలబడి మాట్లాడేవారి వైపు కూడా గుర్రం తల తిప్పకుండానే చెవి పెడుతుంది. మూపు దగ్గర ఎత్తు సుమారు 14 నుంచి 16 హ్యాండ్లు, అంటే 56 నుంచి 64 అంగుళాలు ఉంటుంది.

రంగులకు అక్కడి వ్యాపారుల మాటలు వేరు. ఒళ్లు ఎర్రగోధుమ రంగులో ఉండి జూలు, తోక, కాళ్ల కింది భాగం నల్లగా ఉంటే కుమ్మైత్. జూలుతో సహా ఒళ్లంతా రాగి రంగైతే సురంగ్. నల్లది ముష్కీ, పెద్ద మచ్చలది అబలక్, బూడిద రంగుది సబ్జా, గులాబీ చర్మం మీద తెల్లని వెంట్రుకలున్నది నుక్రా. ముఖాన తెల్లని పట్టె, నాలుగు కాళ్లకూ తెలుపు ఉన్నది మన జానపద కథల్లో రాకుమారుడు ఎక్కే పంచకళ్యాణి. అక్కడ కూడా దాన్ని శుభలక్షణంగానే చూస్తారు. మెడ మీద సుడి ఎక్కడుందో వేలితో చూపించి, దాన్నిబట్టి యజమానికి కలిగే అదృష్టాన్ని వివరించే పెద్దలు ప్రతి గుడారం దగ్గరా కనిపించారు. నలుపును మృత్యువు రంగుగా భావించే పాత నమ్మకం ఇంకా పూర్తిగా పోలేదు. సుడుల మీద నాకు నమ్మకం లేదు, కానీ మంచి గుర్రాన్ని కూడా సుడి చూసి వదిలేసే కొనుగోలుదారు ఉన్నప్పుడు వ్యాపారి ఆ సంగతి పట్టించుకోక తప్పదు.

జనం ఎక్కువగా మూగేది నుక్రాల చుట్టూనే. పెళ్లి ఊరేగింపులకు, దేవుడి ఉత్సవాలకు వాటికి గిరాకీ ఉంది. మార్వారీ వంశావళి పుస్తకాల్లో మాత్రం సాధారణంగా వాటికి చోటివ్వరు. ఒక నుక్రాను దగ్గర నుంచి చూస్తే మూతి, కళ్ల చుట్టూ ఉన్న గులాబీ చర్మం ఎండకు కమిలి పొరలు లేచి ఉంది. రంగునిచ్చే మెలనిన్ చర్మంలో లేకపోతే ఎడారి ఎండను తట్టుకోవడం కష్టం. సబ్జా అలా కాదు. వెంట్రుక ఎంత తెల్లబడినా దాని కింద చర్మం నల్లగానే ఉంటుంది. అయితే వయసు మీద పడేకొద్దీ ఆ చర్మం మీద, ముఖ్యంగా తోక కింద, నల్లని గడ్డలు లేచే అవకాశం ఈ రంగు గుర్రాలకు ఎక్కువ. ఇక నేను మెచ్చే ముష్కీలు చాలావాటికి వీపు, డొక్కలు ఎండకు వెలిసి తుప్పు రంగుకు తిరిగాయి. నా అభిమానానికి మొదటి బీట అక్కడే పడింది.

సబ్జా గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే సంతలో ఎక్కువ చర్చ జరిగింది దాని మీదే. ఈ గుర్రాలు ముదురు రంగులో పుట్టి, ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడతాయి. వియన్నాలో విన్యాసాలు చేసే తెల్లని లిపిజానర్లు కూడా పుట్టినప్పుడు నల్లగానో గోధుమగానో ఉండేవే. తల్లిదండ్రుల్లో కనీసం ఒకటి సబ్జా అయితే తప్ప పిల్ల సబ్జా కాదు. ఒక వ్యాపారి నిగనిగలాడే నల్ల పిల్లను ముందుకు లాగి, "హుకుం, ఇలాంటి అసలైన ముష్కీ ఈ సంతలో ఇంకొకటి ఉంటే చూపించండి" అన్నాడు. పక్కనే ఉన్న దాని తల్లి దాదాపు తెల్లగా ఉంది. నేను పిల్ల కంటి దగ్గరికి వంగి చూశాను. రెప్పల చుట్టూ సన్నని వలయంలా తెల్ల వెంట్రుకలు అప్పటికే మొలిచాయి. సబ్జా అయ్యే పిల్లకు తెలుపు తరచుగా మొదలయ్యేది అక్కడే. ఆ మాట అంటే వ్యాపారి ఏమీ నొచ్చుకోలేదు, నవ్వి నాకు చాయ్ తెప్పించి, పిల్లను మాత్రం ముష్కీగానే తరువాతివారికి చూపించాడు.

అక్కడి నుంచి షేఖావటీకి వెళ్లాను. నవల్‌గఢ్, దూండ్‌లోద్ ప్రాంతాల్లో పొలాల మధ్య జమ్మి చెట్ల కింది ఇసుక దారులు గుర్రం కోసమే వేసినట్టుంటాయి. నాకిచ్చింది ఒక కుమ్మైత్ ఆడగుర్రం, సంతలో అయితే ఎవరూ రెండోసారి తిరిగి చూడనంత మామూలు రంగు. మార్వారీలకు నడక, దుడుకుడుకు నడక, దౌడు కాక రేవాల్ అనే సహజమైన నడక కొన్నింటికి ఉంటుంది. నాలుగు గిట్టలూ ఒకదాని తర్వాత ఒకటిగా విడివిడిగా నేలను తాకుతాయి కాబట్టి రౌతుకు జీను మీద ఎగిరిపడే బాధ ఉండదు. ఆ గుర్రం రేవాల్ అందుకున్నాక నేను రికాబుల మీద లేవాల్సిన అవసరమే రాలేదు. కళ్లెం కాస్త బిగిస్తే తల విసిరి నిరసన తెలిపేది, వదులు చేస్తే చెవులు నిక్కించి సాగిపోయేది. రౌతు కొద్దీ గుర్రం అంటారు గానీ, ఇక్కడ గుర్రమే రౌతును దారికి తెచ్చింది. ఎండ మీద పడినప్పుడు దాని ఎర్రని ఒంటి మీద నల్లని జూలు ఆడుతుంటే, నలుపును అంచులకే పరిమితం చేసిన ఆ అమరిక ఒళ్లంతా నలుపు కన్నా అందంగా అనిపించింది. నిజానికి కుమ్మైత్‌లోనూ నల్ల రంగు ఉంటుంది. ఒక జన్యువు దాన్ని జూలుకు, తోకకు, కాళ్లకు నెట్టేస్తుంది, అంతే.

దక్షిణాన ఉదయ్‌పూర్ వైపు దిగినప్పుడు హల్దీఘాటీ చూశాను. 1576 జూన్ 18న రాణా ప్రతాప్ మొగలు సైన్యంతో పోరాడిన చోటుకు దగ్గర్లో ఆయన గుర్రం చేతక్ స్మారకంగా ఒక చిన్న ఛత్రీ ఉంది. జానపద గాథల్లో ప్రతాప్ నీలి గుర్రపు రౌతు. నల్లని చర్మం మీద తెల్లని, నల్లని వెంట్రుకలు కలగలిసిన లేత వయసు సబ్జాలను పుష్కర్‌లో చూసి వచ్చినవారికి ఆ నీలం ఎలాంటిదో విడమరచి చెప్పనక్కర్లేదు. చేతక్ తమదంటే తమదని మార్వారీ, కాఠియావాడీ అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు.

సౌరాష్ట్రకు వెళ్లే దారిలో చిన్న కచ్ఛ్ రణ్‌లో అడవి గాడిదలు కనిపిస్తాయి. ఇసుక రంగు ఒళ్లు, వెన్ను పొడవునా ముదురు చార. జునాగఢ్ పరిసరాల్లో చూసిన కొన్ని కాఠియావాడీ గుర్రాల మీద ఇంచుమించు అదే చార, కాళ్ల మీద అడ్డగీతలు కూడా కనిపించాయి. కాఠియావాడీ మార్వారీ కంటే కాస్త పొట్టి. నుదురు వెడల్పు, ముఖం లోపలికి ఒంగినట్టుంటుంది, చెవుల వంపు మరింత గాఢం. ఈ జాతిలో నలుపు తప్ప మిగిలిన రంగులన్నీ ఉన్నాయి. ఈ చారల రంగు గుట్టును 2016లో పరిశోధకులు విప్పారు: ఒంటి వెంట్రుకలో రంగు ఒక పక్కనే పేరుకుని రెండో పక్క ఖాళీగా ఉండటంతో గుర్రం లేతగా కనిపిస్తుంది, చార ఉన్న చోట వెంట్రుక చుట్టూ రంగు నిండి ఉంటుంది.

అలాంటి చారల ఆడగుర్రాన్ని పెంచుతున్న ఒక రైతు నన్ను దానిమీద చెరువు గట్టు దాకా తిరిగి రానిచ్చాడు. అడుగు పొట్టిదే గానీ చురుకైనది, మలుపుల్లో మార్వారీ కన్నా సులువుగా ఒదుగుతుంది. దూర ప్రయాణానికి నేనైతే ఇప్పటికీ మార్వారీ రేవాల్‌నే కోరుకుంటాను. దాని పిల్లకు కూడా వెన్ను మీద చార ఉందని అతను మురిసిపోతున్నాడు. మొదటి వెంట్రుకలు రాలేదాకా ఆగమన్నాను, ఎందుకంటే చారల రంగువి కాని పిల్లలు కూడా కొన్ని లీలగా చారతో పుట్టి, ఆ లేత వెంట్రుకలతో పాటే దాన్ని పోగొట్టుకుంటాయి. చార పోయి అది వట్టి కుమ్మైత్‌గా తేలితే తనకు నిరాశేనని అతనన్నాడు. నాకైతే అలా తేలినా ఆ పిల్ల మీద మనసు తగ్గదు.