గల్ఫ్‌కి బయల్దేరేముందు బ్రాంచిలో తేల్చుకోవాల్సిన పనులు

శ్రీకాకుళం జిల్లా సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం వైపు నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళు వీసా కోసం, మెడికల్ కోసం నెలల తరబడి తిరుగుతారు. బ్యాంకుకి మాత్రం చివరి వారంలో వెళ్తారు, అదీ ఉన్న డబ్బు తీసుకోవడానికే. నంబరు మార్చాలన్నా పేరు సరిచేయాలన్నా బ్రాంచివాళ్ళు అడిగేది మనిషినీ, సంతకాన్నీ, వేలిముద్రనీ. అందుకే పలాసలో పావుగంటలో తేలే పని సౌదీలోని దమ్మాం క్యాంపు నుంచి ఆరు నెలలైనా తెమలదు.

అన్నిటికన్నా ముందు ఫోన్ నంబరు. ఖాతాకి ఏ నంబరు ఉందో పాస్‌బుక్ ఇచ్చి అడగండి. ఎప్పుడో వదిలేసిన నంబరో, ఖాతా తెరిపించిన మధ్యవర్తి నంబరో బయటపడుతుంటుంది. మీ పేరున ఉన్న సిమ్ము నంబరే పెట్టించి, ఆ సిమ్ము వెంట తీసుకెళ్ళండి. రోమింగ్ ఇక్కడే ఆన్ చేయించి, విదేశంలో ఎస్ఎంఎస్ అందేలా ఏ రీచార్జి ఉండాలో కనుక్కోండి. మూడు నెలలు వాడకం లేని ప్రీపెయిడ్ నంబరుని కంపెనీ తీసేసి వేరేవాళ్ళకి ఇచ్చేయొచ్చు. అప్పుడు మీ ఓటీపీలు వాళ్ళకి పోతాయి. అక్కడి నంబరుతోనే యూపీఐ వాడుకునే వీలు 2023 జనవరిలో పది దేశాలకి ఇచ్చారు. అందులో యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్, సింగపూర్ ఉన్నాయి, కువైట్, బహ్రెయిన్ లేవు. ఆ వీలు కూడా ప్రవాసుల కోసం ఉండే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకే, వాటి సంగతి కింద ఉంది.

తర్వాత పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాస్‌బుక్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. ఎక్స్‌ఛేంజ్ కౌంటర్‌లో ఈ తేడా దగ్గరే డబ్బు ఆగిపోతుంది. మీ ఖాతాలో పేరుని పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించుకోండి. ఇంటికి పంపేటప్పుడు భార్య పేరుని ఆమె పాస్‌బుక్‌లో ఉన్నట్టే రాయండి, ఇంట్లో పిలిచే పేరు పనికిరాదు.

ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ (డబ్బు ఏ బ్రాంచికి చేరాలో చెప్పేది) మన జిల్లావాళ్ళు తప్పకుండా చూసుకోవాలి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. మన ఊళ్ళలో అందరికీ తెలిసిన గ్రామీణ వికాస్ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగం. పాత పాస్‌బుక్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపిస్తే పాత కోడే వెళ్తుంది. బ్రాంచిలో కొత్త పాస్‌బుక్ వేయించుకుని దాన్నే పంపండి. కోడ్‌లో పదకొండు అక్షరాలుంటాయి, అయిదోది సున్నా, ఇంగ్లిష్ ఓ కాదు. అక్కడి ఫారంలో ఐబాన్ (అక్కడ వాడే అంతర్జాతీయ ఖాతా నంబరు) అడిగితే కంగారు పడొద్దు. మన దేశంలో ఐబాన్ లేదు, ఖాతా నంబరే రాయాలి.

ఇంట్లోవాళ్ళది జన్‌ధన్ ఖాతా అయితే పూర్తి కేవైసీ (గుర్తింపు, చిరునామా రుజువుల తనిఖీ) అయిందో లేదో అడగండి. కానివి 'చిన్న ఖాతా'లుగానే ఉండిపోతాయి. వాటిలో ఏడాదికి లక్ష రూపాయలకి మించి జమ కాకూడదు, నిల్వ 50,000 దాటకూడదు, నెలకి 10,000 మించి తీయకూడదు. పూర్తి గుర్తింపు రుజువు ఇవ్వందే వాటిలో విదేశీ సొమ్ము జమచెయ్యరు. ఆధార్ తీసుకుని ఒక్కసారి వెళ్తే తీరే ఇబ్బంది ఇది.

ఇక ఏ ఖాతాకి పంపాలి? ఉద్యోగం కోసం దేశం దాటిన రోజు నుంచే విదేశీ మారకం మీద ఉన్న ఫెమా చట్టం లెక్కలో మీరు ప్రవాసులు. ఆదాయపు పన్నుకి చూసే 182 రోజుల లెక్క వేరు. రెండూ ఒకటే అనుకుని, ఆరు నెలలు నిండలేదు కదా అని ఆగిపోయేవాళ్ళు చాలామంది. ఊళ్ళో ఉన్న మామూలు పొదుపు ఖాతాని ఎన్ఆర్ఓగా మార్పించాలి. కొబ్బరితోట కౌలు, ఇంటి అద్దె లాంటి ఇక్కడి రూపాయలు అందులో పడతాయి. అక్కడి జీతానికి విడిగా ఎన్ఆర్ఈ ఖాతా తెరవాలి. పాస్‌పోర్టు, వీసా, అక్కడి చిరునామా రుజువు, ఇకామా (సౌదీ నివాస కార్డు) లేదా ఎమిరేట్స్ ఐడీ (యూఏఈ గుర్తింపు కార్డు), పాన్, ఫొటోలు అడుగుతారు. వీసా కాపీతోనే తెరిచే బ్రాంచి దొరికితే వెళ్ళేముందే ఆ పని చేసుకోండి. అక్కడికెళ్ళాక కాగితాల మీద ఎంబసీలోనో నోటరీ దగ్గరో ధ్రువీకరణ చేయించాల్సి వస్తుంది, దానికి ఒక పనిరోజు జీతం పోతుంది.

ఈ రెండు ఖాతాల తేడా బాగా తెలిసేది వడ్డీ దగ్గర. ఎన్ఆర్ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఎన్ఆర్ఓలో 10,000 వడ్డీ వస్తే సెస్సుతో కలిపి 31.2 శాతం, అంటే 3,120 ముందే కోసేస్తారు. మీ ఆదాయం పన్ను పడేంత లేకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఎన్ఆర్ఈ డిపాజిట్ ఏడాదికి తక్కువ పెట్టనివ్వరు. ఏడాది నిండకముందే తీస్తే వడ్డీ రాదు. కాబట్టి పిల్లల ఫీజుల డబ్బు డిపాజిట్‌లో పెట్టకండి.

ఎన్ఆర్ఈలో భార్యని 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' (మీరు ఉన్నంతకాలం మీరు, మీ తర్వాత ఆమె) పద్ధతిలో చేర్చుకోవచ్చు. మీరు ఉండగా ఆమె డబ్బు తీయాలంటే మాత్రం బ్యాంకుకి మాండేట్ లెటర్ (ఆమెకి ఆ అధికారం ఇస్తూ మీరు రాసే ఉత్తరం) ఇవ్వాలి. ఏటీఎం కార్డు, పిన్ను ఇంట్లో ఇచ్చేసి వెళ్ళడం కన్నా ఇదే మేలు. పిన్ను ఇంకొకరికి చెప్పారని తేలితే, డబ్బు పోయినప్పుడు బ్యాంకు మీ ఫిర్యాదుని ఒప్పుకోదు.

పంపేటప్పుడు ఫీజు ఒక్కటే చూడకండి, రేటు చూడండి. దిర్హం, రియాల్ డాలర్‌కి కట్టి ఉంటాయి: డాలర్‌కి 3.6725 దిర్హంలు, 3.75 రియాళ్ళు. ఆ రోజు డాలర్ 90 రూపాయలనుకుంటే దిర్హం అసలు విలువ 24 రూపాయల 50 పైసలు, రియాల్ సరిగ్గా 24. మీకిచ్చే రేటు దీనికి ఎంత తక్కువో అదే అసలు ఖర్చు. 'ఫీజు లేదు' అని దిర్హంకి 30 పైసలు తగ్గిస్తే 1,500 దిర్హంల మీద 450 రూపాయలు పోతాయి. మంచి రేటిచ్చి 15 దిర్హంల ఫీజు తీసుకునేచోట పోయేది 370 లోపే. అదే 3,000 దిర్హంలైతే మొదటిచోట 900 పోతాయి, రెండోచోట అదే 370. కొత్త ఖాతాకి మొదటిసారి చిన్న మొత్తం పంపి, పడిందని ఫోన్‌లో విన్నాకే మిగతాది పంపండి. మన దగ్గర బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపే నెఫ్ట్‌లో జమ ఖాతా నంబరుని బట్టే అవుతుంది, ఒక్క అంకె తప్పితే వేరేవాళ్ళకి పడిపోవచ్చు. డబ్బు ఆలస్యమైతే రసీదు చూపించి యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీ గుర్తింపు నంబరు) అడగండి. దాన్నిబట్టి ఇక్కడి బ్రాంచివాళ్ళు వెతికిపెడతారు.

హుండీలో, అంటే బ్యాంకుకి బయట చేతులు మార్చి పంపే పద్ధతిలో, రేటు రూపాయి ఎక్కువిస్తామన్నా వద్దు. అది ఫెమా ఉల్లంఘన, జరిమానా మొత్తానికి మూడు రెట్ల దాకా వేయొచ్చు. పైగా డబ్బు చేరకపోతే చూపించడానికి చేతిలో కాగితం ముక్క ఉండదు.

మొదటి ఏడాది జీతం ఎటు పోవాలన్నదాంట్లో నాకు సందేహం లేదు. ప్రయాణానికి నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చి ఉంటే నెలకి 3,000 వడ్డీకే పోతుంది. అది ఏడాదికి 24 శాతం. అంత వడ్డీ ఏ బ్యాంకు డిపాజిట్టూ ఇవ్వదు. ముందు ఆ అప్పు తీర్చి ప్రోనోటు చింపించండి. తీర్చే డబ్బు బ్యాంకు ద్వారానే ఇప్పించండి, ఎంత కట్టారో లెక్క నిలుస్తుంది.

ఉద్దానంవాళ్ళకి ఇంకో మాట. ప్రవాసి హోదాలో ఉండగా మీ పేరున పొలం గానీ జీడితోట, కొబ్బరితోట గానీ కొనడానికి ఫెమా ఒప్పుకోదు. వారసత్వంగా వచ్చినా, వెళ్ళకముందే కొన్నా ఉంచుకోవచ్చు. ఇల్లు కొనుక్కోవచ్చు. అడ్వాన్సు ఇచ్చేశాక ఈ సంగతి తెలిస్తే ఆ డబ్బు వెనక్కి రాబట్టడం చాలా కష్టం.

తిరిగొచ్చేటప్పుడు చివరి జీతం, సర్వీసు సొమ్ము (ఉద్యోగం ముగిసినప్పుడు కంపెనీ ఇచ్చేది) పడ్డాకే అక్కడి ఖాతా మూయించండి. సౌదీలో ఇకామా గడువు తీరితే బ్యాంకు ఖాతాని స్తంభింపజేస్తుంది, కాబట్టి ఎగ్జిట్‌కి ముందే డబ్బంతా ఇటు పంపేయాలి. ఊరికి చేరాక బ్యాంకుకి చెప్పి ఎన్ఆర్ఈని మామూలు ఖాతాగా మార్పించండి. పాత డిపాజిట్ గడువుదాకా అదే రేటుతో నడుస్తుంది, మీరు వచ్చినప్పటినుంచి దాని వడ్డీ మాత్రం పన్ను లెక్కలోకి వస్తుంది.