హెల్మెట్ పెట్టుకుంటే జర్మన్ టూరిస్టట

"నాన్నా, ఇది పెట్టుకుంటే అందరూ నన్ను జర్మన్ టూరిస్ట్ అనుకుంటారు" అంటూ మా అమ్మాయి హెల్మెట్‌ని చెప్పుల స్టాండ్ మీద పడేసి వెళ్లిపోయింది. ఆ మాటలో అబద్ధం లేదు. నెదర్లాండ్స్‌లో సైకిలుకి హెల్మెట్ తప్పనిసరి కాదు. రేసు సైకిళ్లవాళ్లు పెట్టుకుంటారు, ఊరు చూడ్డానికొచ్చిన జర్మన్లు పెట్టుకుంటారు. మేముండేది ఆమ్స్టర్‌డ్యామ్ పక్కనున్న ఆమ్స్టెల్‌వేన్‌లో. మా వీధి మొత్తానికి మా ఇంట్లోనే ఈ గొడవ.

నేను పెట్టుకోను. అదొకటుంది. అడిగితే "నాకు అలవాటైపోయిందిలే" అంటాను. పైగా పోయిన వేసవి సెలవుల్లో తెనాలిలో మా తమ్ముడి స్కూటర్ మీద మా అమ్మాయిని వెనక, వాళ్లబ్బాయిని ముందు నిలబెట్టుకుని ఐస్‌క్రీమ్‌కి తీసుకెళ్లాను. ముగ్గురిలో ఒక్కరికీ హెల్మెట్ లేదు. "అప్పుడు నాది వేరే తలా?" అనడిగింది. నోరు అచ్చం వాళ్ల నానమ్మదే.

ఈ దేశంలోనూ దీని మీద వాదన తెగలేదు. 1975లో పుట్టిన సైక్లిస్టుల సంఘం ఫీట్సర్స్‌బొండ్, హెల్మెట్‌ని చట్టం చెయ్యొద్దంటుంది. తప్పనిసరి చేస్తే సైకిలెక్కేవాళ్లే తగ్గిపోతారని వాళ్ల భయం. తలకి దెబ్బ తగిలినవాళ్లని రోజూ చూసే డాక్టర్లేమో పెట్టుకోండి బాబూ అంటారు. నేను డాక్టర్ల పార్టీ. 2023లో ఇక్కడి రోడ్ల మీద 684 మంది చనిపోతే అందులో 270 మంది సైకిలు మీద ఉన్నవాళ్లే అని లెక్క చూపించాను. తను ఆ లెక్కే కిందిదాకా చదివి, అందులో ఎక్కువమంది వయసు పైబడినవాళ్లని కనిపెట్టి, "అయితే నానమ్మ వచ్చినప్పుడు నానమ్మకి పెట్టు" అంది.

ఈ ఏడు స్కూల్లో ట్రాఫిక్ పరీక్ష కూడా ఉంది. పదీ పదకొండేళ్ల పిల్లలకి రాతపరీక్షా, సైకిలు మీద ప్రాక్టికలూ పెడతారు. ముందు సైకిలుకి తనిఖీ: బ్రేకు, బెల్లు, ముందు లైటు, వెనక ఎర్ర లైటు. ఆ తర్వాత పిల్లలు నంబర్ల జాకెట్లు వేసుకుని పేట చుట్టూ ఒక్కొక్కరే తొక్కుతారు. మూలమూలనా పెద్దలు కాగితం పట్టుకుని నిలబడతారు. తిరిగే ముందు భుజం మీదుగా వెనక్కి చూసిందా, చెయ్యి చాపిందా, ఆగాల్సినచోట ఆగిందా అని టిక్కులు పెడతారు. చదివిస్తానని కూర్చుని రాతపరీక్ష నమూనాలో నేనే తప్పాను. గుర్తులేమీ లేని కూడలిలో కుడివైపు నుంచి సైకిలొస్తే కారు ఆగాలి. 2001 మే దాకా ఆ హక్కు మోటారు బండ్లకే ఉండేదట. నేను పుస్తకం చూడకుండా, పెద్ద బండికే దారివ్వాలని రాసేశాను. తెనాలిలో పెరిగినవాడికి అదేం పెద్ద ప్రశ్న? లారీ హారన్ కొట్టిందంటే మనం మార్జిన్‌లోకి దిగడమే.

నాకు అసలు గుచ్చుకున్నది అక్కడ. నా పెంపకంలో రోడ్డు భద్రత అంటే పిల్లకి చెప్పేది. చూసుకుని వెళ్లు, పక్కన వెళ్లు, హెల్మెట్ పెట్టుకో. రోడ్డుకి చెప్పొచ్చని, కారుకి చెప్పొచ్చని ఎవరూ నాకు నేర్పలేదు. ఇక్కడి చట్టం ఉల్టా. పద్నాలుగేళ్లలోపు పిల్ల సైకిలు మీద వస్తూ కారుకి తగిలితే, పిల్లదే పొరపాటైనా నష్టపరిహారం దాదాపు ఎప్పుడూ కారువాడి ఇన్సూరెన్సు మీదే పడుతుంది. మొదటిసారి విన్నప్పుడు ఇదెక్కడి న్యాయం అనుకున్నాను. అప్పటికి నాకు కారుంది, కూతురింకా పుట్టలేదు.

ఈ దేశం ఎప్పుడూ ఇలాగే ఉండేదని కూడా అనుకునేవాణ్ణి. 1971లో ఇక్కడి రోడ్ల మీద 3,000 మందికి పైగా పోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. అప్పటి జనాభా కోటీ ముప్పై లక్షలు. కార్ల కోసం వీధులు వెడల్పు చేసుకుంటూ పోయారు, సైకిళ్లు అంచుకి పోయాయి. ఆరేళ్ల కూతుర్ని పోగొట్టుకున్న విక్ లాంగెన్‌హాఫ్ అనే జర్నలిస్టు 1972లో పత్రికలో రాసిన వ్యాసంతో ఒక ఉద్యమం మొదలైంది. స్టాప్ డె కిండర్‌మోర్డ్, అంటే పిల్లల్ని చంపడం ఆపండి అని దాని పేరు. అమ్మానాన్నలు ప్రమాదాలు జరిగే చోట సైకిళ్లతో అడ్డం నిలబడ్డారు, పిల్లలు ఆడుకోవడానికి వీధులు మూశారు. 1973లో చమురు సంక్షోభం వచ్చి ఆదివారాలు కార్లు ఆపేస్తే, ఖాళీ రోడ్డు ఎలా ఉంటుందో జనం కళ్లారా చూశారు. 1976కల్లా కార్లు నడక వేగంతోనే పోవాల్సిన వీధులు చట్టంలోకొచ్చాయి. నేను సాఫ్ట్‌వేర్ వీసా మీద దిగేసరికి అంతా వండి విస్తట్లో వడ్డించి ఉంది. తిన్నాను. ఎవరు వండారని అడగలేదు.

అడగకుండానే పిల్లని పెంచితే ఏమవుతుందో విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర చూశాను. జీబ్రా గీతల దగ్గర మా అమ్మాయి నిలబడి, కారు ఆగుతుందని దాని ముఖంలోకి చూస్తోంది. చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాల్సి వచ్చింది. ఏ ఊళ్లో బతుకుతుందో ఆ ఊరి భయం నేర్పితే చాలా, లేక రెండూ నేర్పాలా? రెండూ నేర్పాలని మా ఆవిడ తేల్చేసింది. నాకు అంత సులువుగా తేలలేదు. భయం నేర్పినకొద్దీ ఇక్కడ తను తొక్కే తీరులో తడబాటొస్తుంది. తడబడే సైకిలు నిజంగానే ప్రమాదం.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వీడియో తమ్ముడు పంపాడు. పైన సోలార్ పలకల కప్పు, కింద నీడ. గర్వంగా చూపించాను. "బాగుంది. దీని మీద స్కూలుకెవరు వెళ్తారు?" అంది. మియాపూర్‌లో ఉండే తమ్ముణ్ణే అడిగాను. తను సైకిల్ని కారెక్కించుకుని వెళ్లి, అక్కడ తొక్కి, మళ్లీ కారెక్కించుకుని వస్తాడట. నేను నవ్వలేకపోయాను. వాన పడితే మా అమ్మాయిని స్కూలుకి కార్లో దింపేది నేనే.

మా స్కూలు ముందు వీధి ఇరుకు. దింపే కార్ల మధ్య నుంచే పిల్లల సైకిళ్లు దూరి వెళ్తాయి. కొంతమంది తల్లిదండ్రులు పొద్దున్న అరగంట ఆ వీధి మూద్దామని మున్సిపాలిటీకి అర్జీ పెట్టారు. నేనూ సంతకం పెట్టాను. ఎండగా ఉన్న రోజున. మీటింగుకీ వెళ్లాను. చాలా చెప్పాలని డచ్‌లో రాసుకుని వెళ్లి, చివరికి నోట్లోంచి వచ్చింది "వానరోజు కార్లెక్కడ ఆపుకోవాలి?" అన్న ప్రశ్న. నలుగురు తలలూపారు. వాళ్ల కార్లూ ఉన్నాయి కదా.

ప్రయోగంగా ఒప్పుకున్నారు. చెక్క గేటు అడ్డం పెట్టి, నారింజ జాకెట్ వేసుకుని తల్లిదండ్రులే వంతులవారీగా కాపలా. నా వంతు రోజున, జల్లు పడుతుండగా, మొదట వచ్చిన కారు మనవాళ్లదే. దసరాకి మా ఇంట్లో భోంచేసినవాడు. అద్దం దించి, "అన్నా, ఈ ఒక్కరోజుకి వదిలెయ్యి, పిల్లాడికి జలుబు" అన్నాడు. నా పక్కన ఇంకో పిల్లాడి డచ్ అమ్మ నిలబడి ఉంది. నేను గేటు తియ్యలేదు. దూరంగా కారు ఆపి, పిల్లాడి నెత్తిన కోటు కప్పి నడిపించుకొచ్చాడు. నా వైపు చూడలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకి గొప్పగా చెప్పాను. "ఆవిడ పక్కన లేకపోయినా తీసేవాడివి కాదా?" అంది. ఏమో. వచ్చే మంగళవారం మళ్లీ నా వంతు, ఈసారి నేనొక్కణ్ణే. వాన ఉందంటున్నారు.