లిఫ్టర్ అయ్యేసరికి తల ప్రాణం తోకకొచ్చింది

మాది అనంతపురం పక్కన పల్లె. నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు, వాలీబాల్‌లో 2.43 మీటర్ల నెట్ మీద స్మాష్ కొట్టేది నా వల్ల కాదని తేలిపోయినాక మావాళ్లు నన్ను లిఫ్టర్‌గా, అంటే స్మాషర్ కొట్టేదానికి బాల్ ఎత్తిచ్చేవాడిగా, నిలబెట్టినారు. ఏముంది, బాల్ పైకెత్తేదే కదా అనుకున్నా.

మొదటి నెల మా స్మాషర్ అన్నతో తిన్న తిట్లు ఇంట్లో కూడా తినలేదు. "ఏందప్పా, బాల్ నెట్టుకు అంటిస్తాండావు, నేను కొట్టాల్నా వద్దా?" అనేవాడు. నిజమే, నేను వేసింది నెట్టు మీదికే పోయేది, అవతలోళ్లు ఇద్దరు చేతులెత్తితే చాలు, బ్లాకై మా కాళ్ల కాడే పడేది. ఒకరోజు ఆయనే నెట్టుకు మూడడుగుల ఇవతల ముగ్గుపిండితో గీత గీసి, "నేను కొట్టను, వదిలేస్తా, బాల్ వచ్చి ఈ గీత మీద పడాల" అన్నాడు. ఇరవై వేస్తే నాలుగు పడినాయి.

తప్పు చేతుల్లో అనుకున్నా, సగం అదే. బాల్ అరచేతికి తగిలి టప్పుమనేది, రెండు చేతులూ ఒకేసారి తగలక గిర్రున తిరిగేది, రెఫరీ డబుల్ టచ్ అని విజిల్ వేసేవాడు. నుదుటి పైన, వేళ్లతోనే అందుకోవాల. రాత్రిళ్లు మంచం మీద వెల్లకిలా పండుకొని దూలం దాకా ఎగరేస్తాంటే, "బల్బు పగిలితే నీ వీపు కూడా పగుల్తాది" అని మాయమ్మ అరిచేది.

మిగతా సగం కాళ్లు. మావాళ్లు అందుకున్న సర్వీస్ (రిసీవ్) నా దిక్కు ఎట్లొచ్చినా బాల్ కంటే ముందే దాని కిందికి పోయి నిలబడాల, నేనేమో నిలబడినకాడ్నించే చేతులు చాపేవాణ్ణి. ఇది అర్థమైనాక గీత మీద పన్నెండు, పదమూడు పడబట్టినాయి.

ఇంతలో ఆషాఢం గాలి వచ్చింది. మా దిక్కు రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టినారా మరి! ఎత్తుగా వేసిన బాల్ సగం దారిలోనే పక్కకు పోయేది, తగ్గించి వేస్తే అన్న పరుగు అందక మళ్లీ తిట్లు. చివరికి గాలుంటే తక్కువ ఎత్తులో వేసేటట్టు, నా చేతికి బాల్ తగలకముందే ఆయన పరుగు మొదలుపెట్టేటట్టు మాట్లాడుకున్నాం.

సంక్రాంతి ఆటల్లో ఆయన ఒక్క మాట కూడా అనలేదు. కానీ తల మీదుగా వెనక్కి వేసే లిఫ్ట్ మాత్రం ఇప్పటికీ నెట్టు చివర నిలబెట్టే కడ్డీ, అదే ఆంటెన్నా, దాటి పోతానే ఉంది, ఆ పక్క నుంచి స్మాష్ కొట్టే పిల్లోడు ఇంకా తిడతాండాడు.