పారేసేది తూచడం మొదలుపెట్టాక

ధరలు పెరిగిన కొత్తలో నేనూ అందరిలాగే ఏది ఎక్కడ చవకో వెతికాను. పెద్ద ప్యాకెట్ అయితే కిలోకు తక్కువ పడుతుందని అదే కొన్నాను. రెండు నెలలైనా నెలాఖరు ఇబ్బంది తగ్గలేదు. ఒకరోజు ఫ్రిజ్ కడుగుతుంటే కింది అరలో సగం వాడి మడతపెట్టిన మూడు ప్యాకెట్లు, వాటి అడుగున నల్లబడి నీరుకారుతున్న ఆకుకూర కట్ట బయటపడ్డాయి. మనసు చివుక్కుమంది.

మర్నాడే వంటింటి త్రాసును చెత్తబుట్ట పక్కన పెట్టాను. పారేసే ముందు తూచి, అది ఏమిటో, ఎందుకు పారేస్తున్నానో పుస్తకంలో రాసుకున్నాను. తొక్కలు, గింజలు లెక్కలో కలపలేదు. అయినా మొదటి వారం రెండు కిలోలకు దగ్గరగా తేలింది. కారణం దగ్గర ఎక్కువసార్లు రాసింది ఒకటే మాట: ‘ఉందని మర్చిపోయాను.’

2022లో ప్రపంచమంతా వృథా చేసిన ఆహారం 105 కోట్ల టన్నులనీ, అందులో 60 శాతం ఇళ్లలోనే పోయిందనీ ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో చెప్పింది. అంతకుముందు ఆ తప్పంతా హోటళ్లదీ విందులదీ అనుకునేదాన్ని. నా పుస్తకం చూశాక ఆ మాట అనలేను.

పెద్ద ప్యాకెట్ లెక్క కూడా మళ్లీ వేశాను. 10 శాతం తగ్గింపుతో కొని పావు వంతు పారేస్తే, తిన్నదానికి మామూలు ధర కన్నా 20 శాతం ఎక్కువ చెల్లించినట్లే. అప్పటి నుంచి వారంలో అయిపోయేంతే కొంటున్నాను. కొత్తది వెనక్కి, పాతది ముందుకు సర్దుతున్నాను. ‘బెస్ట్ బిఫోర్’ తేదీ రుచికీ నాణ్యతకూ సంబంధించింది, ‘యూజ్ బై’ భద్రతకు సంబంధించింది. ఈ తేడా తెలియక మంచి వస్తువులు ఎన్ని పారేశానో!

అయినా కొన్ని త్వరగా పాడవుతూనే ఉన్నాయి. గ్లాసు నీళ్లలో థర్మామీటరు ఉంచి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే, పొద్దున 9 డిగ్రీలు చూపించింది. 4 డిగ్రీలు దాటకూడదు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగాను, పట్టు లేకుండా జారి వచ్చింది. రబ్బరు అంచు మడతల్లో జిడ్డు పేరుకుంది. గోరువెచ్చని సబ్బునీటితో తుడిచి ఆరబెట్టాక కాగితం బిగిసింది. రెండు రోజుల తర్వాత థర్మామీటరు 4 చూపించింది.

నాలుగో వారం పారేసింది 600 గ్రాములు. అందులో చాలావరకు వండి మిగిలిందే. ఈ వారం నుంచి వండే ముందు బియ్యాన్ని కూడా తూచుతున్నాను.