తలుపు

ఒక శరణార్థి కుటుంబానికి అద్దె ఇల్లు వెతికిపెట్టడానికి నెలరోజులు తిరిగాను. దుప్పట్లు, బట్టలు అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ఇల్లు అనేసరికి ఫోన్ ఎత్తరు! జీతం స్లిప్పు ఏది, పాత ఓనరు ఉత్తరం ఏది అంటారు. కట్టుబట్టలతో పారిపోయి వచ్చినవాళ్ల దగ్గర అవెక్కడివి? అడ్రస్ లేక బ్యాంకు ఖాతా లేదు, ఖాతా లేక ఉద్యోగం లేదు, ఉద్యోగం లేదని ఇల్లివ్వరు. 1951 శరణార్థుల ఒప్పందం 21వ ఆర్టికల్ ఇంటి గురించే. ఒప్పందంలో చేరిన దేశంలో చట్టబద్ధంగా ఉంటున్న శరణార్థులను ఈ విషయంలో మిగతా విదేశీయులకన్నా తక్కువగా చూడకూడదంటుంది. (ఓనర్లకు చదివి వినిపిస్తే నవ్వుతారేమో.)

చివరికి ఒక పెద్దావిడ పై అంతస్తు ఇచ్చింది. తాళం చేతికి రాగానే ఆ శరణార్థి కుటుంబంలోని ఇల్లాలు లోపలికెళ్లి తలుపేసుకుంది. మళ్లీ తీసింది, మళ్లీ వేసింది. క్యాంపులో ఇన్నాళ్లూ కర్టెనే తలుపట.