టీలో పంచదార మానడానికి మూడు నెలలు

మొన్న జూన్‌లో శ్రీకాకుళంలో రక్తపరీక్ష చేయించుకుంటే హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ లెక్క, 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా హద్దు మీద ఉన్నట్టట, 6.5 వస్తే షుగరే. డాక్టరు గారు మందు రాయలేదు. తీపి, అన్నం తగ్గించి, రోజూ నడిచి మూడు నెలల తర్వాత రమ్మన్నారు. మా నాన్నకి షుగర్ ముదిరి కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు ఆయన్ని డయాలసిస్‌కి తీసుకెళ్లినవాణ్ణి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నేను స్వీట్లు పెద్దగా తినను. ఎవరైనా మందస కోవా తెస్తే ఒక ముక్క, అంతే. మరి తీపి ఎక్కడిది? మా ఆవిడ వంటింట్లో తూకం మెషిన్ తీసింది. నేను టీలో వేసుకునే చెంచా నిండుగా పోస్తే 6 గ్రాములు. టీకి రెండు చెంచాలు, రోజుకి ఐదు టీలు. మొత్తం 60 గ్రాములు ఒక టీ గ్లాసులో పోసి చూశాం. సగం దాటింది. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే రోజుకి 50 గ్రాములు మించొద్దని, 25కి తగ్గిస్తే ఇంకా మంచిదని చెప్పింది. నా టీలే ఆ లెక్క దాటేశాయి.

వారానికి అర చెంచా చొప్పున తగ్గించాను. ఇంట్లో కష్టం కాలేదు. బడ్డీ దగ్గరే ఇబ్బంది, పంచదార గిన్నెలోనే మరిగిపోతుంది. నాకు విడిగా కాయమని అడగడానికి మొహమాటపడి రెండు వారాలు బయట టీయే మానేశాను. తర్వాత అడిగితే ఆయన మారు మాట్లాడకుండా కాచి ఇచ్చాడు.

చుట్టాలతోనే అసలు కష్టం. ఆమదాలవలసలో మా పిన్ని "పంచదార లేకుండా టీ ఏటి తాగుతావురా, పోనీ బెల్లం ఏస్తాను, బెల్లానికేటీ అవదు" అంది. బెల్లంలో కాస్త ఇనుము ఉంటే ఉండొచ్చు గానీ, అందులోనూ ఎక్కువ భాగం అదే చక్కెర. ఆవిడ మనసు నొచ్చుకోకుండా ఆ మాట చెప్పడానికి చాలాసేపు పట్టింది.

సెప్టెంబరులో మళ్లీ పరీక్ష. 5.8. బరువు నాలుగు కిలోలు తగ్గింది. హద్దు మీద నుంచి ఇంకా బయటపడలేదు, అన్నం సంగతి మిగిలే ఉంది.

నిన్న మా ఆవిడ బాబు పాలల్లో కలిపే పొడి డబ్బా తిప్పి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న చక్కెర లెక్క చదివింది. తూకం మెషిన్ మళ్లీ బయటికి తీశాం.